శ్రీమతి దుర్గాబాయి దేశ్‌ముఖ్

ఒక దేశమునందు పాఠశాలలు కట్టినంత మాత్రమున అందఱికిని విద్య లభించినట్లు కాదు. పాఠశాలకు ద్వారమున్నను ఆ ద్వారము వఱకు పోవుటకు దారి లేనివారు కొందఱుందురు. దారి యున్నను లోపల తాము కోరిన పాఠము దొరకనివారు కొందఱుందురు. పాఠము దొరికినను, దానితో తమ కాళ్లపై తాము నిలువగల నేర్పు కలుగనివారు మఱికొందఱుందురు. మన దేశమున చిరకాలము ఈ మూడు కష్టములకును గుఱియైనవారు స్త్రీలు. 1951వ సంవత్సరపు జనాభా లెక్కలనుబట్టి మన దేశపు స్త్రీలలో చదువను వ్రాయను నేర్చినవారు నూటికి తొమ్మిదిమంది మాత్రమే.

బాలికలను బాలురతో కలిపి చదివింపవలెనా, వేఱుగా చదివింపవలెనా యను ప్రశ్నపై పెద్దలు చాలకాలము వాదించుకొనిరి. కలిపి చదివించిన మర్యాద చెడునని కొందఱనిరి. వేఱుగా చదివించిన బాలికల చదువు తక్కువరకపు చదువగునని మఱికొందఱనిరి. వాదము సాగుచుండగనే బాలికల వయసు గడచిపోవుచుండెను. ఈ ప్రశ్నను పుస్తకములలో చదివి గాక, తన బ్రదుకునందే యెదుర్కొని, దానికి సమాధానమును వెదకిన తెలుగు వనిత శ్రీమతి దుర్గాబాయి దేశ్‌ముఖ్. ఆమె చరిత్రము మనమందఱము తెలిసికొనదగినది.

దుర్గాబాయి 1909వ సంవత్సరము జూలై 15వ తేదీన రాజమహేంద్రవరమున జన్మించెను. తండ్రి రామారావుగారు, తల్లి కృష్ణవేణమ్మగారు. ఆమె బాల్యమున కొంతభాగము కాకినాడలో గడచెను. ఆ దినములలో బాల్యవివాహములు సర్వసామాన్యములు. ఆడపిల్లకు పలకయు బలపమును ఇచ్చు వయసుననే మంగళసూత్రము కట్టించుట ఆచారము. దుర్గాబాయికిని ఎనిమిదవ యేటనే వివాహమయ్యెను. పెండ్లియన నేమో తెలియని ప్రాయమది. కొంత వయసు వచ్చిన పిమ్మట ఆమె ఆ వివాహబంధమున నిలువక, తన జీవితము దేశసేవకును విద్యకును అంకితమని నిశ్చయించుకొనెను. తల్లిదండ్రులు ఆమె నిశ్చయమునకు అడ్డు చెప్పలేదు. లోకనిందకు వెఱచి బిడ్డ మనసును విఱువని ఆ తల్లిదండ్రులను గూడ మనము స్మరింపవలసియున్నది.

అది గాంధీమహాత్ముని పిలుపు ఊరూర మాఱుమ్రోగుచుండిన కాలము. 1921లో మహాత్ములు కాకినాడకు వచ్చిరి. అప్పటికి దుర్గాబాయి చిన్న బాలిక. సభలకు రాలేని దేవదాసీలును, పరదా చాటున నుండు ముస్లిం స్త్రీలును మహాత్ముని మాటలు వినవలెనని ఆమెకు కోరిక కలిగెను. పెద్దలు కోరిన నిధిని ప్రోగుచేసి, ఆమె ఆ స్త్రీలకై ప్రత్యేకముగా ఒక సభను ఏర్పఱచెను. మహాత్ములు వచ్చి మాటలాడిరి. పదిమంది పురుషులున్న చోటికి రాలేని స్త్రీలకు, వారు రాగల చోటనే సభ జరుపవలెనను ఆలోచన ఆ బాలికకు ఆనాడే తోచినది. ఆమె జీవితమున ముందు జరుగబోవు గొప్ప పనులకు ఇది విత్తనము వంటిదని చెప్పవచ్చును.

సహాయనిరాకరణోద్యమపు రోజులలో దుర్గాబాయి ఆంగ్లమున బోధించు పాఠశాలను విడిచిపెట్టెను. విడిచి యూరకుండలేదు. హిందీభాషను శ్రద్ధతో నేర్చుకొని, తాను నేర్చినదానిని ఇతరులకు నేర్పుటకై బాలికలకొక హిందీ పాఠశాలను ప్రారంభించెను. చదువుకొనవలసిన వయసున చదువు చెప్పనారంభించిన యీ చిన్న ఉపాధ్యాయినిని చూచి ఊరివారు ఆశ్చర్యపడిరి. 1923లో కాకినాడయందు కాంగ్రెసు మహాసభ జరిగినప్పుడు ఆమె స్వచ్ఛందసేవికగా నుండెను. అచ్చటి ప్రదర్శనశాల ద్వారమున నిలిచి, టిక్కెట్టు లేనివారిని లోనికి పోనీయరాదని ఆమెకు ఆజ్ఞ. జవహర్‌లాల్ నెహ్రూ అంతటివారు టిక్కెట్టు లేక రాగా ఆమె వారిని గూడ ఆపెను. టిక్కెట్టు తెచ్చిన పిదపనే లోనికి పోనిచ్చెను. నెహ్రూగారు ఆమె కర్తవ్యనిష్ఠకు సంతసించిరి. అప్పగించిన పని చిన్నదైనను పెద్దదైనను ఒకే శ్రద్ధతో చేయుట ఆమెకు పుట్టుకతో వచ్చిన గుణము.

1930లో ఉప్పు సత్యాగ్రహము మొదలయ్యెను. దుర్గాబాయి మద్రాసులో ఆ యుద్ధమున దుమికెను. 1930 మొదలు 1933 వఱకు గల కాలములో ఆమె మూడుమాఱులు కారాగారమునకు పోయెను. మధుర చెఱసాలలో చాలకాలము ఒంటరి కొట్టులో నుంచబడెను. ఒంటరితనము ఆమె ఆరోగ్యమును క్రుంగదీసెను గాని ధైర్యమును క్రుంగదీయలేదు.

చెఱసాలలోనే ఆమెకు ఒక క్రొత్త కన్ను తెఱచుకొనెను. వేలూరు కారాగారమున హత్యాది నేరములకు శిక్షపడిన స్త్రీలు పెక్కుమంది యుండిరి. దుర్గాబాయి వారితో మాటలాడి వారి కథలు వినెను. వారిలో కొందఱు తాము చేయని నేరములను చేసినట్లు ఒప్పుకొన్నవారు. చదువురాని కారణమున కాగితముపై నేమి వ్రాసియున్నదో యెఱుగక వేలిముద్ర వేసినవారు కొందఱు. తమ పక్షమున వాదించుటకు న్యాయవాది యుండునని గూడ ఎఱుగనివారు కొందఱు. అక్షరములు రానందువలన మనుష్యులు తమ స్వేచ్ఛను, కొన్నిచోట్ల తమ ప్రాణమును సైతము పోగొట్టుకొందురని ఆమె కన్నులార చూచెను. తాను న్యాయశాస్త్రము చదివి ఇట్టి అభాగినులకు తోడ్పడవలెనని ఆమె ఆ చెఱసాల గోడలనడుమనే సంకల్పించుకొనెను.

సంకల్పము గొప్పది, దారి మిక్కిలి దూరము. న్యాయశాస్త్రము చదువుటకు పట్టము కావలెను. పట్టమునకు ముందు ఇంటర్మీడియట్, దానికి ముందు మెట్రిక్యులేషన్ కావలెను. చెఱసాలనుండి వెలువడునాటికి ఆమెకు ఇరువదినాలుగేండ్లు. తోటివయసు స్త్రీలు సంసారములు నడుపుకొనుచుండగా ఆమె చిన్నపిల్లలవలె గణితమును వ్యాకరణమును ముందుంచుకొని కూర్చొనెను. ఇంటియొద్దనే చదివి కాశీ హిందూ విశ్వవిద్యాలయపు మెట్రిక్యులేషన్ పరీక్షకు పోయి కృతార్థురాలయ్యెను. పిమ్మట ఇంటర్మీడియట్ పరీక్షయందును జయము పొందెను.

ఇచ్చట ఆమెకు మొదటి అడ్డంకి యెదురయ్యెను. రాజనీతిశాస్త్రమును ముఖ్యవిషయముగా గ్రహించి పట్టపరీక్షకు చదువవలెనని ఆమె కోరిక. కాని ఆ శాస్త్రము పురుషులకే తగినదను అభిప్రాయము కాశీలో ఆనాడు బలముగా నుండెను. స్త్రీలకు చదువు వలదని అచ్చటివా రనలేదు. స్త్రీలకు వేఱుగా కళాశాలయు నుండెను. అయినను ఆమె కోరిన శాస్త్రమునకు మాత్రము అచ్చట చోటు లేకపోయెను. స్త్రీలకై వేఱుగా విద్యాలయముండుట మంచిదే. కాని అందు చెప్పు పాఠములు వేఱయి, తక్కువయి యుండిన, ఆ విద్యాలయము రక్షణ కాదు, హద్దు. ఆ హద్దును దాటనిదే తన కోరిక నెఱవేఱదని దుర్గాబాయి గ్రహించెను.

అంతట ఆమె తెలుగునాటికి మరలి, విశాఖపట్టణపు చేరువనున్న వాల్తేరులోని ఆంధ్ర విశ్వవిద్యాలయమున చేరబోయెను. అచ్చట రాజనీతిశాస్త్రమును స్త్రీలు చదువరాదను నియమము లేదు. తరగతిలో పురుషులతో కలిసి కూర్చొని పాఠము వినవచ్చును. కాని యిచ్చట మఱియొక చిక్కు. విద్యార్థినులు నివసించుటకు వసతిగృహము లేదు. అప్పటి ఉపాధ్యక్షులు కట్టమంచి రామలింగారెడ్డిగారు. వారు స్త్రీవిద్యకు విరోధులు కారు. అయినను వసతిలేనిచోట యువతులను చేర్చుకొనుటకు వారు వెనుదీసిరి. కాశీలో స్త్రీలకు చోటున్నను కోరిన పాఠము లేకపోయెను. వాల్తేరులో పాఠమున్నను నిలువ నీడ లేకపోయెను.

ఇట్టి సమయమున సామాన్యులు విధిని నిందించి యింటికి మరలుదురు. దుర్గాబాయి అట్లు చేయలేదు. తనవలెనే వసతి లేక చదువు మానుకొన్న యువతులు ఇంకను ఉందురని ఆమె తలంచెను. పై చదువు చదువగోరియు వసతి లేక ఆగిపోయిన స్త్రీలు తనకు వ్రాయవలసినదని పత్రికలలో ప్రకటన వేయించెను. పలుచోట్లనుండి ఉత్తరములు వచ్చెను. వారితో కలిసి ఆమె యొక చిన్న వసతిగృహమును తానే నెలకొల్పెను. అడ్డంకి తొలగినందున ఉపాధ్యక్షులు వారిని చేర్చుకొనిరి. ఒక స్త్రీ తన చదువుకై వెదకిన దారి పెక్కుమందికి దారియయ్యెను. దుర్గాబాయి 1939లో రాజనీతిశాస్త్రమున ఆనర్సు పట్టమును పొందెను.

వాల్తేరులోని అనుభవమునందు గ్రహింపదగిన విషయమొకటి యున్నది. తరగతి ఒక్కటే యైనంత మాత్రమున అవకాశము ఒక్కటే కాదు. బాలుడు ఊరిలో ఏ యింటి అరుగుమీదనైనను పడుకొని చదువుకొనగలడు. పూటకూళ్ల యింట భోజనము చేసి పాఠమునకు పోగలడు. ఆనాటి సమాజమున యువతికి అది సాధ్యము కాదు. అందువలన కలిసి చదువు తరగతికి పోవుటకు స్త్రీలకు ముందుగా ప్రత్యేకమైన ఒక యేర్పాటు కావలసివచ్చెను. అట్లు ప్రత్యేకవసతియు, ఉమ్మడి తరగతియు నొకదానికొకటి విరోధులు గాక, ఒకటి రెండవదానికి మెట్టయ్యెను.

పిమ్మట దుర్గాబాయి మద్రాసులో న్యాయశాస్త్రము చదివి, 1942లో పరీక్షయందు కృతార్థురాలై న్యాయవాదిని యయ్యెను. నాడు న్యాయస్థానములలో నల్లకోటు ధరించిన స్త్రీలు మిక్కిలి అరుదు. న్యాయాధిపతియు, ఎదుటి న్యాయవాదియు, సాక్షులును పురుషులే. పురుషులతో నొకే బల్లమీద కూర్చొని చదివిన అనుభవము ఆమెకు ఇచ్చట అక్కఱకు వచ్చెనని వేఱుగ చెప్ప నక్కఱలేదు. వేలూరు చెఱసాలలో చేసిన సంకల్పము నెఱవేఱెను.

అయితే, తాను చదివిన దారిననే అందఱును నడువగలరని దుర్గాబాయి తలంపలేదు. ఆమె వంటి పట్టుదల ఎందఱికుండును? బాల్యమున పెండ్లియై చదువు మానినవారు, వైధవ్యముచే పుట్టింట నొక మూల నొదిగినవారు, భర్తలచే విడువబడినవారు ఎందఱో యుండిరి. వారిని బాలుర పాఠశాలకు పొమ్మనిన పోలేరు. చిన్నపిల్లల నడుమ కూర్చొని అక్షరములు దిద్దుటకు సిగ్గుపడుదురు. అట్టివారికి మఱియొక దారి కావలెను.

ఆ దారిని ఆమె మద్రాసులోని మైలాపూరున వేసెను. 1937లో అచ్చట ఆమె ఆధ్వర్యమున బాలికల సంఘమొకటి పుట్టెను. దానినుండియే ఆంధ్ర మహిళా సభ పెరిగెను. చదువు మానిన స్త్రీలను చేరదీసి, కొలదికాలములోనే మెట్రిక్యులేషన్ పరీక్షకు సిద్ధపఱచుట ఆ సభ చేసిన మొదటి పనులలో నొకటి. తాను ఇంటియొద్ద చదివి ఏ పరీక్షలో గెలిచెనో, ఆ కాశీ పరీక్షకే ఆమె వారిని పంపెను. ఆ తరగతులలో అందఱును స్త్రీలే. ఆలస్యముగా చదువనారంభించినవారిని చూచి నవ్వువారు అచ్చట లేరు. క్రమముగా ఆ సభ ప్రక్కన కుట్టుపని, చేతిపనులు, దాదుల శిక్షణము మొదలగునవి వెలసెను. ఒక చేత పుస్తకమును, రెండవ చేత పనిముట్టును ఇచ్చి పంపుట ఆ సంస్థ పద్ధతి. చదువు పూర్తియైన స్త్రీ ఇంటికి మరలి పరుల పంచన బ్రదుకుటకు గాక, ఒక ఆసుపత్రిలోనో పాఠశాలలోనో పని చేసి తన కూడు తాను సంపాదించుకొనుటకు తగియుండవలెనని దుర్గాబాయి ఆశయము.

1946లో ఆమె రాజ్యాంగ నిర్మాణ సభకు సభ్యురాలుగా ఎన్నుకొనబడెను. సభాధ్యక్షులు లేనప్పుడు ఆ స్థానమున కూర్చొనుటకు నియమింపబడినవారి పట్టికలో నామె యొక్కతెయే స్త్రీ. సభలో ఆమె పెక్కు విషయములపై నిర్భయముగా మాటలాడెను. ఆ సభ కూర్చిన రాజ్యాంగము 1950 జనవరి 26వ తేదీనుండి అమలులోనికి వచ్చెను. స్త్రీపురుషభేదమునుబట్టి రాజ్యము వివక్ష చూపరాదని రాజ్యాంగపు 15వ అధికరణము చెప్పుచున్నది. స్త్రీలకును బాలలకును ప్రత్యేకమైన యేర్పాట్లు చేయుటకు అడ్డు లేదనియు ఆ అధికరణమే చెప్పుచున్నది. ప్రభుత్వోద్యోగములందు అందఱికిని సమానావకాశముండవలెనని 16వ అధికరణము చెప్పుచున్నది. సమానత్వమును ప్రత్యేకసహాయమును జంటగా నడువవలెనను ఈ సూత్రము, వాల్తేరులోను మైలాపూరులోను దుర్గాబాయి తన చేతులతో చేసి చూపిన పనికి మిక్కిలి దగ్గఱగా నున్నది.

1952లో ఆమె ప్రణాళికాసంఘమున సభ్యురాలయ్యెను. 1953 జనవరిలో నాటి కేంద్ర ఆర్థికమంత్రి చింతామన్ ద్వారకానాథ దేశ్‌ముఖ్ గారిని వివాహమాడెను. ఆడంబరము లేని ఆ వివాహమునకు నెహ్రూగారు సాక్షులుగా నుండిరి. ఆ సంవత్సరముననే కేంద్ర సాంఘిక సంక్షేమ మండలి యేర్పడగా, దానికి ఆమె తొలి అధ్యక్షురాలయ్యెను.

మండలి పని గ్రామసీమలకు వ్యాపించెను. అప్పుడొక విచిత్రమైన కొఱత కనబడెను. పల్లెలలో పని చేయుటకు గ్రామసేవికలు కావలెను, ఉపాధ్యాయినులు కావలెను, దాదులు కావలెను. జీతమిచ్చుటకు ధనమున్నది, పని యున్నది. కాని ఆ శిక్షణమున చేరుటకు కావలసిన కనీసపు చదువుగల స్త్రీలు పల్లెలలో లేరు. మఱియొకవంక అన్నమునకు గతిలేని స్త్రీలు ఆ పల్లెలలోనే వేలకొలది యుండిరి. పని యొక గట్టున, పనిచేయదగిన చేతులు రెండవ గట్టున నుండెను. నడుమ వంతెన లేదు.

దుర్గాబాయికి మైలాపూరు తరగతులు జ్ఞప్తికి వచ్చియుండును. 1958లో మండలి వయోజన స్త్రీలకు సంగ్రహవిద్యాక్రమమను పథకమును ప్రారంభించెను. చిన్ననాట చదువు మానిన స్త్రీలకు, పాఠశాలలో పెక్కేండ్లు పట్టు చదువును సంగ్రహించి, రెండేండ్లకాలములో బోధించి పరీక్షకు సిద్ధపఱచుట దాని ఉద్దేశము. పరీక్షలో నెగ్గినవారు దాదులుగా, ఉపాధ్యాయినులుగా, గ్రామసేవికలుగా శిక్షణము పొందుటకు అర్హులగుదురు. ఒక పట్టణపు వీథిలో కొలదిమందికై మొదలైన పని దేశమంతటి పనియయ్యెను.

అదే సంవత్సరము భారత ప్రభుత్వము స్త్రీవిద్యపై ఒక జాతీయ సంఘమును నియమించి, దుర్గాబాయిని అధ్యక్షురాలిగా చేసెను. దేశమున బాలికలు పాఠశాలకు ఏల రాకున్నారు, వచ్చినవారు ఏల నడుమ మానుచున్నారు, వారిని నిలుపుటకు ఏమి చేయవలెనను విషయములను ఆ సంఘము విచారించెను. 1959లో దాని నివేదిక వెలువడెను. స్త్రీవిద్యను దేశమంతయు ఒక ప్రత్యేకమైన, అత్యవసరమైన సమస్యగా కొంతకాలము భావింపవలెనని ఆ నివేదిక సారాంశము.

కలిసి చదువుటయా, వేఱుగా చదువుటయా యను పాతవాదము ఆ సంఘము ముందునకును వచ్చెను. ఆ సంఘము ఒక పక్షమును మాత్రమే పట్టి మొండిగా కూర్చొనలేదు. ప్రాథమిక విద్యలో బాలబాలికలు కలిసి చదువవలెననియు, పాఠశాలలో ఉపాధ్యాయినులుండవలెననియు చెప్పెను. దీనికి కారణము తేటతెల్లము. చిన్నపల్లెకు రెండు పాఠశాలలు పెట్టుటకు ధనము చాలదు. ఒకటే పెట్టి అది బాలురకనిన బాలికలకు చదువే లేదు. పాఠశాలలో ఒక్క ఉపాధ్యాయిని యైనను లేకున్న తల్లిదండ్రులు కూతురిని పంపుటకు సందేహింతురు. ఉపాధ్యాయిని పల్లెకు రావలెనన్న ఆమెకు భద్రమైన నివాసము కావలెను. నివాసమే లేనినాడు వాల్తేరులో తన చదువు ఎట్లు ఆగబోయెనో దుర్గాబాయి యెఱుగును.

ఉన్నతపాఠశాలల విషయమున అవసరమైనచోట్ల, ముఖ్యముగా పల్లెటూళ్లలో, బాలికలకు ప్రత్యేకపాఠశాలలు పెట్టవలెనని సంఘము తలంచెను. కాని బాలుర పాఠశాలకు తమ బిడ్డను పంపగోరు తల్లిదండ్రులకు ఆ స్వేచ్ఛ యుండవలెననియు చెప్పెను. పాఠ్యక్రమము ప్రాథమిక తరగతులలో ఇరువురకును ఒక్కటిగా నుండవలెనని దాని అభిప్రాయము. పై తరగతులలో కొంత భేదమునకు ఆ సంఘము చోటిచ్చెను. ఆ నివేదిక ఫలితముగా స్త్రీవిద్యకొక జాతీయమండలి యేర్పడగా, దానికిని దుర్గాబాయియే తొలి అధ్యక్షురాలు. కొన్ని యేండ్లకు ఆ మండలి నియమించిన హంసా మెహతా సంఘము ఇంకొక అడుగు ముందునకు వేసి, ఆడువారికి తగిన చదువు, మగవారికి తగిన చదువు అని విభజించుట తగదని తేల్చెను. కాశీలో ఒకనాడు దుర్గాబాయికి కలిగిన ఆశాభంగము మఱియొక బాలికకు కలుగకుండుటకు ఇదియే సరియైన మార్గము.

ఆమె స్థాపించిన విద్యాసంస్థలను చూచినను ఆమె మనస్సు తెలియును. 1948లో ఢిల్లీలోని తెలుగుబిడ్డలకై ఆంధ్ర విద్యాసంఘమును ఆమె స్థాపించెను. 1961లో తిరుమల తిరుపతి దేవస్థానములవారు ఢిల్లీలో స్థాపించిన శ్రీ వేంకటేశ్వర కళాశాలకు కృషి చేసినవారిలో ఆమెయు నొకతె. ఆ కళాశాలలో యువకులును యువతులును కలిసి చదువుదురు. పిమ్మట హైదరాబాదునకు వచ్చి ఆంధ్ర మహిళా సభ పక్షమున ఆమె స్త్రీలకే ప్రత్యేకముగా కళాశాలను నెలకొల్పెను. ఆసుపత్రిని, సాక్షరతాకేంద్రమును వృద్ధిచేసెను. ఒకచోట కలిపి, ఒకచోట వేఱుగా చదివించుట చూచి, ఆమెకు స్థిరమైన అభిప్రాయము లేదని యెవరైనను అనుకొందురేమో. అది పొరపాటు. వైద్యుడు రోగులందఱికిని ఒకే మందీయడు; రోగము కుదురుటయే అతని స్థిరాభిప్రాయము. అట్లే బాలిక చదువుకొని తన పనికి తాను సమర్థురాలగుటయే దుర్గాబాయి స్థిరాభిప్రాయము. తరగతిగది యెట్లుండవలెననునది ఆయా చోటునుబట్టి, ఆయా కాలమునుబట్టి తేల్చుకొనవలసిన విషయము.

1971లో ఆమెకు నెహ్రూ సాక్షరతా పురస్కారము లభించెను. 1975లో భారత ప్రభుత్వము పద్మవిభూషణ బిరుదముతో ఆమెను గౌరవించెను. తన జీవితమును గుఱించియు, తాను కట్టిన సంస్థలను గుఱించియు ఆమె గ్రంథములు వ్రాసెను. 1981 మే 9వ తేదీన ఆమె దివంగతురాలయ్యెను. ఒకనాడు వసతి లేదని ఆమెను చేర్చుకొనుటకు వెనుదీసిన ఆంధ్ర విశ్వవిద్యాలయమున నేడు స్త్రీల విషయములను పరిశోధించు కేంద్రము ఆమె పేరిట వెలసియున్నది. హైదరాబాదులో ఆసుపత్రియు, ఢిల్లీలో ఒక మెట్రో రైలు స్టేషనును ఆమె పేరు ధరించియున్నవి.

బాలబాలికలారా! మీలో కొందఱు కలిసి చదువు పాఠశాలలలో నుందురు. కొందఱు వేఱుగా చదువు పాఠశాలలలో నుందురు. ఏది గొప్పదని మీలో మీరు వాదించుకొనవచ్చును. వాదించునప్పుడు దుర్గాబాయి జీవితము మనకు నేర్పు మూడు ప్రశ్నలను మఱవకుడు. ఈ పాఠశాలకు రాగోరు ప్రతి బాలికయు భయము లేక రాగలుగుచున్నదా? వచ్చిన బాలికకు బాలునికి దొరకు పాఠమే దొరకుచున్నదా? చదివి వెలుపలికి పోయిననాడు ఆమె యొక పని చేసి తలయెత్తుకొని బ్రదుకగలదా? ఈ మూటికిని అవునని చెప్పగలిగిన పాఠశాల యేదైనను మంచిదే. ఏ యొక్కదానికి కాదని చెప్పవలసివచ్చినను, ఆ కొఱతను తీర్చుటకు పూనుకొనుటయే ఆ మహనీయురాలికి మనము చేయదగిన పూజ.